బీదలకు ఇవ్వడం గురించి విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాల్లోను, చుట్టుపక్కల జనగామ, మహబూబాబాద్, ములుగు జిల్లాల పల్లెల్లోని చిన్న మందిరాల్లోను ఆదివారం ఆరాధన ముగిశాక విశ్వాసులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. వీటిలో కొన్నింటికి లేఖనం నేరుగా జవాబు చెబుతుంది. మరికొన్నింటికి దారి మాత్రం చూపి, మిగిలినది మన వివేకానికి విడిచిపెడుతుంది. అలాంటి చోట చెప్పినది మా అభిప్రాయమని గ్రహించి చదవవలసిందిగా మనవి. ఎంత ఇచ్చామన్న లెక్క కంటే, పుచ్చుకున్న మనిషి తల ఎత్తుకుని ఇంటికి వెళ్లగలిగాడా అన్నదే ఈ జవాబులన్నింటిలో మేము ముందుగా చూసిన సంగతి.

దానధర్మాలు చేస్తే రక్షణ లభిస్తుందా?

లభించదు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు రక్షణ కృపచేత కలిగేదనీ, క్రియల వలన కలిగేది కాదనీ చెప్పి, ఆ వెంటనే పదవ వచనంలో సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టించబడ్డామని అన్నాడు. రక్షణకు దానం వెల కాదు. రక్షణ పొందినవారి ఇంట్లో మామూలుగా జరగవలసిన పని. యాకోబు ఇంకా నిక్కచ్చిగా మాట్లాడతాడు. బట్టలు లేక, ఆ నాటి తిండి లేక ఎదుట నిలబడినవారికి శరీరానికి కావలసినది ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని మాటతో సాగనంపేవారి విశ్వాసం మృతమైనదని ఆయన తీర్పు. "మీ కోసం ప్రార్థన చేస్తాము" అని చెప్పి పంపడం మన సంఘాల్లో మరీ సులువైపోయింది గనుక ఈ వచనాన్ని అప్పుడప్పుడు బిగ్గరగా చదువుకోవడం మంచిది.

దశమ భాగం తప్పనిసరా? దానిని సంఘానికి ఇవ్వాలా, బీదలకు ఇవ్వాలా?

ఈ విషయంలో సంఘాలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్ని సంఘాలు మలాకీ మూడవ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని పదో వంతు తప్పనిసరి అని బోధిస్తాయి. మరికొన్ని, కొత్త నిబంధనలో విశ్వాసులకు అటువంటి ఆజ్ఞ లేదనీ, 2 కొరింథీ 9:7 చెప్పినట్లు సణుగుకొనక, బలవంతం లేక, ప్రతివాడూ తన హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలనీ చెబుతాయి. మేము రెండో పక్షం వైపు మొగ్గుతాము. అయితే ఆ స్వేచ్ఛను పట్టుకుని యాభై వేల జీతంలో వంద రూపాయల నోటుతో సరిపెట్టుకునేవారిని చూసినప్పుడు, మొదటి పక్షంవారి బోధే కొంత నయమని అనిపించిన సందర్భాలూ ఉన్నాయి.

రెండు పక్షాలవారూ ఎక్కువగా ప్రస్తావించని వచనాలు ద్వితీయోపదేశకాండము 14:28-29. మూడేండ్లకు ఒకసారి ఆ యేటి పంటలో పదో వంతును ఊరిలోనే ఉంచాలనీ, మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తి పొందాలనీ అక్కడ ఆజ్ఞ ఉంది. కాపరి జీతం, కరెంటు బిల్లు, మైకుసెట్టు బాకీ, వార్షికోత్సవ పందిరి ఖర్చు పోగా బీదలకు ఒక్క రూపాయి మిగలని సంఘం లెక్కల పుస్తకాన్ని ఈ వచనాల పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కాపరిని పస్తులుంచమని దీని అర్థం కాదు, లేవీయుడు కూడా ఆ పంక్తిలో ఉన్నాడు. కానీ ఆ పంక్తిలో అతడొక్కడే కూర్చోలేదు.

పాత నిబంధనలో పదో వంతు కాకుండా మరొక ఏర్పాటు కూడా ఉంది. పొలం కోసేటప్పుడు అంచులదాకా పూర్తిగా కోయకూడదనీ, రాలిన పరిగెను యజమాని ఏరుకోకూడదనీ, దానిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలనీ లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. రూతు బోయజు పొలంలో చేసినది ఈ పనే. మన ప్రాంతంలో కూడా కొడవళ్లతో వరి కోసిన రోజుల్లో, కోత అయిన మడిలో పరిగె ఏరుకుని వారం పది రోజుల గింజలు కూడబెట్టుకున్న ముసలమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ఇప్పుడు కోత యంత్రం మడిలోకి దిగితే వడ్లు నేరుగా ట్రాక్టరులోకి వెళ్తాయి, మడిలో గడ్డి వరుసలు మిగులుతాయి. పొలం లేని ఉద్యోగికీ, యంత్రంతో కోయించే రైతుకూ ఇక ఆ ఆజ్ఞతో పని లేదని అనుకోవడం సరికాదు. రైతు అమ్మిన బస్తాల్లో ఒకటి రెండు ముందే పక్కన పెట్టవచ్చు. జీతగాళ్లు జీతం పడిన రోజే ఒక భాగాన్ని వేరే ఖాతాకు మార్చి, ఆ ఖాతాలోని డబ్బు ఇక తమది కాదని నిశ్చయించుకోవచ్చు. ప్రతి ఆదివారం తాను వర్ధిల్లిన కొలది కొంత తీసి ఉంచుకోవాలని పౌలు కొరింథు సంఘానికి రాసిన పద్ధతి కూడా ఇటువంటిదే (1 కొరింథీ 16:2). నెలాఖరున మిగిలితే ఇద్దామనుకున్న ఇంట్లో సాధారణంగా ఏమీ మిగలదు.

రోజు కూలితో బతికేవారు కూడా ఇవ్వాలా?

ఇవ్వమని వారిని ఒత్తిడి చేసే హక్కు ఎవరికీ లేదు. ఇస్తామంటే వద్దనే హక్కు కూడా లేదు. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలో ఉండి కూడా యెరూషలేములోని పరిశుద్ధుల కోసం ఇవ్వడానికి అవకాశం ఇమ్మని పౌలును బతిమాలాయని 2 కొరింథీ 8లో చదువుతాము. మనకు దగ్గరి చరిత్రలో దోర్నకల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పర్యవేక్షణలోని సంఘాల ప్రాంతం, ఉంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1945 జనవరి 1న మరణించేవరకు ఆ మేత్రాసనాన్ని నడిపించారు. ఆయన సంఘాల్లో అధిక భాగం భూమిలేని వ్యవసాయ కూలీలు. వారు బీదలు గనుక వారినుంచి ఏమీ ఆశించకూడదన్న దయను ఆయన అంగీకరించలేదు. ఇవ్వడం నేర్చుకున్న బీదవాడు ఇకమీదట ఇతరుల దయకు ఎదురుచూసేవాడిగా మాత్రమే ఉండడని ఆయన నమ్మారు, క్రైస్తవుల ఇవ్వడం మీద ఒక పుస్తకమే రాశారు.

పల్లె సంఘాల్లో నేటికీ కనిపించే గుప్పెడు బియ్యం అలవాటును ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఎసరు మరిగాక కడిగిన బియ్యం పోయడానికి ముందే, పొడి బియ్యంలోంచి ఇంటావిడ ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలోని బియ్యాన్ని కొంగులోనో సంచిలోనో తెచ్చి మందిరంలోని బస్తాలో పోస్తుంది. పూటకు ఒక పిడికెడు తగ్గినందుకు ఆ ఇంట్లో ఎవరూ పస్తుండరు, కానీ ముప్పై ఇళ్ల పిడికిళ్లు కలిస్తే ఒంటరిగా ఉన్న ఇద్దరు ముగ్గురు వృద్ధులకు నెల గడుస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, పాతవి, కొత్తవి ఒకే బస్తాలో కలిస్తే అన్నం సగం మెత్తబడి సగం పలుకుగా మిగులుతుంది. పళ్లులేని ముసలివారికి అది పెట్టడం కష్టం. రెండు బస్తాలు విడిగా పెట్టండి. కలిసిపోయినవాటిని గిర్నీలో పిండి పట్టించి ఇవ్వండి.

ఇక రెండు కాసులు వేసిన బీద విధవరాలి ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. ఆ ప్రసంగం చేసేవారు మార్కు 12లో దానికి ముందున్న వచనాన్ని కూడా చదవాలి. విధవరాండ్ర ఇండ్లు మింగివేస్తూ దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రులను గూర్చి జాగ్రత్తపడమని యేసు చెప్పిన తరువాతనే ఆ విధవరాలు కానుకపెట్టె దగ్గరకు వచ్చింది. ఆమె దగ్గర మిగిలిన చివరి కాసును అందుకున్న మందిరం ఆమె రేపటి పూట గురించి ఏమి చేసిందో కూడా అడగవలసిన ప్రశ్నే.

అప్పులు ఉన్నాయి. అయినా ఇవ్వాలా?

మిత్తి కట్టవలసిన డబ్బును తీసి కానుక వేయడం, అప్పు ఇచ్చినవారి డబ్బుతో దాత అనిపించుకోవడమే అవుతుంది. ఒకనికి కలిమి కొలదియే గాని లేమి కొలది కాదని పౌలు అన్నాడు (2 కొరింథీ 8:12). వాయిదాలు సక్రమంగా కడుతూ చిన్న మొత్తం ఇవ్వగలిగితే ఇవ్వండి. చిట్టీ ఎత్తి, లేదా బంగారం కుదువపెట్టి కానుక ఇమ్మని ఎవరైనా ప్రోత్సహిస్తే వినవద్దు. డబ్బు లేనివారు సమయం ఇవ్వవచ్చు, దాని సంగతి కింద ఆసుపత్రి ప్రశ్నలో చెప్పాము.

వంద రూపాయలు విత్తితే వెయ్యి రూపాయలు వస్తాయని ప్రసంగాల్లో చెబుతారు. నిజమేనా?

కాదు. కొరింథీయులకు పౌలు విత్తనాల పోలిక చెప్పిన మాట నిజమే గాని, అక్కడ సమృద్ధి దేనికోసమని అడిగితే ప్రతి సత్కార్యము చేయడానికని ఆ వచనమే జవాబు చెబుతుంది. లాభం చూసి ఇచ్చేది పెట్టుబడి అవుతుంది. రోగం నయమవుతుందని, వీసా వస్తుందని ఆశపెట్టి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాల దగ్గర, సంతానం లేని దంపతుల దగ్గర కానుకలు తీసుకోవడం మాకు తెలిసినంతలో బీదలను దోచుకోవడమే.

ముందుగా ఎవరికి సహాయం చేయాలి? సొంతవారికా, సంఘస్థులకా, బయటివారికా?

సొంత ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాస త్యాగం చేసినవాడని 1 తిమోతి 5:8 చెబుతుంది. తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకున్నవారిని యేసు గద్దించిన సంగతి మార్కు 7లో ఉంది. ఊళ్లో తల్లి ఒక్కతే ఉండి పింఛను డబ్బుతో మందులు కొనుక్కుంటూ ఉంటే, పట్నంలో కొడుకు మందిరానికి ఏసీలు కొనివ్వడం ఈ వర్గంలోకే వస్తుంది.

ఆ తరువాత విశ్వాస గృహానికి చెందినవారు, అందరు మనుష్యులు అని గలతీ 6:10లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మొదటి భాగాన్ని మాత్రమే పట్టుకుని రెండో భాగాన్ని వదిలేయడం మనలో ఎక్కువ. యేసు చెప్పిన కథలోని మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని నీది ఏ మతం, ఏ ఊరు అని అడగలేదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల కోసం ప్రారంభించిన ఆసుపత్రిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఊళ్లు తరిమేసిన రోగులకు అది ఆశ్రయమిచ్చింది. ఆ మెథడిస్టు మిషనరీల పనికి పెద్ద విరాళమిచ్చి ఊతమైనవారు హిందువైన రాజా నర్సాగౌడ్. దయ ఒక్క వైపునుంచే ప్రవహిస్తుందని అనుకునే మన గర్వానికి ఆ ఆసుపత్రి చరిత్ర మంచి మందు.

అన్యమతస్థులకు సహాయం చేసేటప్పుడు సువార్త చెప్పాలా?

ఎవరైనా మీరెందుకు ఇదంతా చేస్తున్నారని అడిగితే మీ నిరీక్షణకు కారణం సాత్వికంగా చెప్పండి. అడగని మనిషికి ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో కరపత్రం పెట్టడం మాత్రం మానుకోవాలి. ఆకలితో ఉన్నవాడు బియ్యం కోసం దేనికైనా తల ఊపుతాడు, ఆ తల ఊపడాన్ని విశ్వాసమని లెక్కవేసుకుంటే మనల్ని మనమే మోసగించుకున్నట్లు. 2023 జూలై చివర మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగినప్పుడు ఆ జనానికి కావలసినవి పొడి బట్టలు, వండుకోవడానికి గిన్నెలు, తాగునీరు. అటువంటి సమయంలో ప్రార్థనకు రమ్మనే షరతు గాని, పేర్లు రాసుకునే పని గాని పెట్టుకోకూడదు. యేసు స్వస్థపరచిన పదిమంది కుష్ఠురోగుల్లో కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

కాజీపేట స్టేషను దగ్గర, కూడళ్ల దగ్గర అడుక్కునేవారికి డబ్బు ఇవ్వవచ్చా?

ఒక్కమాటలో చెప్పలేము. వృద్ధులకు, నడవలేనివారికి ఇవ్వడంలో సందేహపడనక్కరలేదు. ఆ డబ్బుతో వారు ఏమి కొనుక్కుంటారో విచారించే అధికారం పది రూపాయలతో మనకు రాదు. తాగి ఉన్నవారికి డబ్బుకు బదులు పక్క హోటల్లో ఇడ్లీయో, అన్నమో ఇప్పించండి. చిన్నపిల్లలతో, చంకలో నిద్రపోతున్న పసిబిడ్డతో అడిగించేచోట డబ్బు ఇస్తే ఆ పిల్లలు ఆ కూడలి నుంచి బడికి వెళ్లరు. అప్పుడు పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోను చేయడమే సహాయం. దిక్కులేని వృద్ధుల విషయంలో 14567 నంబరు ఉంది. ఏదీ ఇవ్వలేకపోతే కనీసం ముఖం చూసి లేదని చెప్పండి. కారు అద్దం ఎక్కించుకుని ఫోను చూసుకోవడం కంటే అది గౌరవం.

ఎంజీఎం ఆసుపత్రికి దూరప్రాంతాల నుంచి వచ్చే రోగులకు ఏ విధంగా ఉపయోగపడవచ్చు?

వరంగల్‌లో ఉన్న విశ్వాసులకు దేవుడు ఇంటి ముందే పెట్టిన పని ఇది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి పల్లెల నుంచి వచ్చినవారి వెంట ఒకరో ఇద్దరో బంధువులు ఉంటారు. పండ్లు, బ్రెడ్డు పంచేవారు సాధారణంగా రోగి మంచం దగ్గరికే వెళ్తారు. మంచం కింద చాప మీద మూడు రోజులుగా స్నానం లేక కూర్చున్న భార్యను ఎవరూ గమనించరు. ఆమెకు కావలసినవి చిన్న సంగతులు: వేడినీళ్లకు ఒక ఫ్లాస్కు, రాత్రికి ఒక దుప్పటి, ఫోనులో బ్యాలెన్సు, ఊరికి తిరిగి వెళ్లడానికి బస్సు ఛార్జీ, అన్నిటికంటే మించి ఆమె స్నానం చేసి వచ్చేదాకా ఒక గంట రోగి పక్కన కూర్చునే మనిషి. చదువు రానివారికి ఏ చీటీ ఏ కౌంటరులో చూపాలో, స్కానింగు గది ఎక్కడుందో చెప్పి వెంట నడిచే యువకుడు ఐదు వందల రూపాయల కంటే ఎక్కువ ఇచ్చినవాడే. యవనస్తుల కూటాలు పాటల పోటీలతో పాటు ఈ పనికి వంతులు వేసుకోవచ్చు.

రక్తదానం కూడా దానమే. ఆరోగ్యంగా ఉండి 18 ఏళ్లు నిండి 65 దాటనివారు, 45 కిలోలకు తగ్గని బరువు ఉన్నవారు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. చికిత్స కోసం సంఘంలో చందా ఎత్తే ముందు ఆ చికిత్స ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందేమో కనుక్కోండి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. దొరకవలసిన హక్కును ఇప్పించిన తరువాత మిగిలిన లోటును కానుకలతో నింపడం సరైన వరుస.

లూకా 10లో సమరయుడు చేసిన పనిని ఈ దృష్టితో మరోసారి చదవండి. గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్ల ఇంట్లో రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు, మరునాడు రెండు దేనారములు ఇచ్చాడు. ఒక దేనారము ఆనాటి ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి ఇచ్చి ఊరుకోక, ఇంకా ఖర్చైతే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్లాడు. తిరిగి వస్తానన్న ఆ మాటే మన సేవా కార్యక్రమాల్లో తరచుగా లోపించేది.

పాత బట్టలు ఇవ్వవచ్చా?

ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, మీ అన్నదమ్ములకు ఇవ్వగలిగిన స్థితిలో ఉంటే ఇవ్వండి. చిరిగినవి ఇంట్లో తుడుచుకోవడానికి ఉంచుకోండి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ చూపించినవి ఆమె తమ కోసం కుట్టిన అంగీలు, వస్త్రాలు. కుట్టు మిషను వచ్చిన సహోదరీలు క్రిస్మస్‌కు ముందు కొలతలు తీసుకుని రెండు జతలు కొత్తవి కుట్టిస్తే, ఆ పిల్లలు పండుగ రోజు ముందు వరుసలో కూర్చుంటారు.

సహాయం చేసేటప్పుడు ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టవచ్చా?

డిసెంబరు చలిలో దుప్పట్ల పంపిణీ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఫ్లెక్సీ కట్టిన తరువాత వృద్ధులను వరుసగా నిలబెడతారు. ఒక దుప్పటిని ఆరుగురు పట్టుకుంటారు, పుచ్చుకునే అవ్వ మధ్యలో ఉంటుంది, ఫోను పట్టుకున్నవాడు "ఇటు చూడు అవ్వా" అంటాడు. ఆమె ఊరివాళ్లు, ఆమె కూతురి అత్తగారింటివాళ్లు కూడా ఆ ఫొటో చూస్తారు. ధర్మము చేసేటప్పుడు నీ ముందర బూర ఊదింపవద్దనీ, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదనీ యేసు చెప్పిన మాట (మత్తయి 6:2-3) ఇంతకంటే సూటిగా వర్తించే సందర్భం లేదు.

దాతలకు లెక్క చెప్పాలి గదా అన్న వాదన ఉంది, అది న్యాయమైనదే. కొన్న దుప్పట్ల బిల్లు, కట్టల ఫొటో, ఎన్ని ఇళ్లకు ఇచ్చామన్న సంఖ్య పెడితే లెక్క చెప్పినట్లే. మనుషుల ముఖాలు లెక్కల పుస్తకంలో అవసరం లేదు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి రావడం ఇంకా మంచిది, ఆ ఇంట్లో కప్పు కారుతోందా, పొయ్యి వెలిగిందా అన్నది కూడా అప్పుడే కనిపిస్తుంది.

పనివారికి కూలి తగ్గించి ఇచ్చి, ఆ మిగులుతో దానం చేస్తే?

అది దానం కాదు. బీదవాడైన కూలివాడి కూలిని సూర్యుడు అస్తమించకముందే ఆనాడే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞ. పొలం కోసినవారికి ఇవ్వక బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు 5:4 చెబుతుంది. మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి వచ్చినవారి డబ్బును ఎనుమాముల మార్కెట్టులో సరుకు అమ్ముడైన తరువాత ఇస్తామని నెలలు తిప్పే రైతు, ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండు రోజులు రాలేదని జీతం కోసే ఉద్యోగి, చదువులేనివాడికి నూటికి ఐదు రూపాయల మిత్తికి అప్పిచ్చే విశ్వాసి, వీరు ముగ్గురూ కానుక సంచి దగ్గరకు రావడానికి ముందు చేయవలసిన పని వేరే ఉంది. బీదపడిన సహోదరుని దగ్గర మిత్తి తీసుకోవద్దని లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. సుంకాలు వసూలు చేసే జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తానని చెప్పి ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్నాడు. మన సాక్ష్యాల్లో మొదటి సగం వినబడినంతగా రెండో సగం వినబడదు.

ఒళ్లు వంచనివారికి, పదేపదే అడిగేవారికి ఏమి చేయాలి?

పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదన్న పౌలు మాటను (2 థెస్స 3:10) బీదలందరి మీదా విసరకూడదు. అక్కడ చెప్పినది పని చేయడానికి ఇష్టం లేనివారిని గురించి; పని దొరకనివారు, చేయలేనివారు వేరు. సిరిసిల్లలో మగ్గాలు ఆగినప్పుడు ఇంట్లో కూర్చున్న నేతకార్మికుడు సోమరి కాడు. పని చేయగలిగినవారికి పనినే ఇవ్వడం మేలైన సహాయం. మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని కల్పించి తిండి పెట్టడానికి కట్టించాడని అక్కడివారు నేటికీ చెబుతారు. మన సంఘానికి అంత కట్టడం అక్కరలేదు. గోడలకు సున్నం, ప్రహరీకి మరమ్మతు, పండుగకు వంట, ఇవన్నీ కాంట్రాక్టరుకు బదులు పనిలేని మన మనుషులకు అప్పగించి పూర్తి కూలి ఇవ్వవచ్చు. పదేపదే అడిగేవారితో ఒక పెద్ద కూర్చుని అసలు గండి ఎక్కడ పడుతోందో నెమ్మదిగా అడగాలి. చాలాసార్లు అది తాగుడో, వారపు వాయిదాల అప్పో అయి ఉంటుంది.

సంఘంలో బీదల నిధిని ఎలా నడపాలి?

అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు దినదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ సణుగును అణచలేదు, మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచి పని అప్పగించారు. పేర్లను బట్టి చూస్తే ఆ ఏడుగురూ ఫిర్యాదు చేసినవారి వైపువారిలాగే కనిపిస్తారు. మన సంఘాల్లో కూడా నిధి పెద్దలు ఒకే కులం నుంచి, ఒకే కుటుంబం నుంచి ఉంటే ఎవరి ఇంటికి బియ్యం వెళ్లిందో, ఎవరి ఇంటికి వెళ్లలేదో వాడవాడలా మాట నడుస్తుంది. ఒక విధవరాలిని కమిటీలో పెట్టండి, ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పౌలు చందాను ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ తప్పు పట్టకుండా ప్రభువు దృష్టియందు మాత్రమే కాక మనుష్యుల దృష్టియందు కూడా యోగ్యమైనవాటిని చూసుకుంటున్నామని రాశాడు (2 కొరింథీ 8:20-21). కానుకలను ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకం చేయాలి, డబ్బు సంఘం పేరుమీది ఖాతాలో ఉండాలి, కాపరి ఖాతాలో ఉండకూడదు. వచ్చినది, పోయినది మూడు నెలలకొకసారి అందరికీ చదివి వినిపించాలి. పుచ్చుకున్నవారి పేర్లు మాత్రం ముగ్గురికి మించి తెలియకూడదు. ఈ రెండూ కలిసి నడవడం కష్టమని అనిపించినా, మొత్తాలు బయట, పేర్లు లోపల అన్న నియమంతో సాఫీగా జరుగుతుంది.

పన్ను మినహాయింపు, విదేశాల నుంచి వచ్చే డబ్బు సంగతి ఏమిటి?

ఆదాయపు పన్ను శాఖ విరాళాల కోసం ఇచ్చే 80జీ అనుమతి ఉన్న సంస్థలకు ఇచ్చిన విరాళానికి పాత పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది, కొత్త విధానం ఎంచుకున్నవారికి దొరకదు. 2,000 రూపాయలకు మించిన నగదుకు వర్తించదు. విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి డబ్బు తీసుకోవడానికి సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి తప్పనిసరి. గల్ఫ్‌లో పనిచేస్తున్న భారత పౌరుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు, అదే మనిషి వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడకుండా ముందే ఆడిటరును అడగడం మంచిది.

నాకే సహాయం కావలసి వచ్చింది. అడగడానికి సిగ్గుగా ఉంది.

పౌలు తన చేతులతో గుడారాలు కుట్టి బతికినవాడు. అయినా థెస్సలొనీకలో ఉన్నప్పుడు ఫిలిప్పీవారు ఒకటి రెండుసార్లు పంపినది పుచ్చుకున్నాడు, పుచ్చుకున్నానని పత్రికలో రాశాడు కూడా. ఏలీయా కరువు కాలంలో సారెపతులో ఒక విధవరాలి పిండి తొట్టిలోంచి తిన్నాడు. వాళ్లకు లేని సిగ్గు మనకు అక్కరలేదు.

పది మందిలో నిలబడి ప్రార్థన మనవిగా చెప్పనక్కరలేదు. కాపరికి చెప్పడం ఇబ్బందైతే స్త్రీల సమాజంలో మీకు చనువున్న అక్కకు చెప్పండి, లేదా ఎంత కావాలో, ఎందుకు కావాలో చీటీ మీద రాసి నిధి చూసే పెద్దకు ఇవ్వండి. ఇంటి కిరాయి బాకీ అయితే బాకీ అని, పిల్లల ఫీజు అయితే ఫీజు అని సూటిగా రాయండి. తిరిగి ఇవ్వగలిగితే ఎప్పటికి ఇవ్వగలరో కూడా రాయండి. ఇవ్వలేకపోతే ఆ మాటే రాయండి.